పెరుగన్నమా, ప్యాకెట్టా?

(విజయవాడ మొగల్రాజపురంలోని ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం ఉదయం ఒక వెటర్నరీ డాక్టర్ గారు చిన్న కుక్కలు పెంచుకునేవాళ్లతో మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆవిడ చెప్పినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వినబడుతోందా? సరే. కుక్కల్ని తీసుకురావద్దని మెసేజ్ పెట్టించాను, అయినా మూడు వచ్చాయి. ఫర్వాలేదు, ఉండనివ్వండి. ఆ తెల్ల షిట్జు నన్ను గుర్తుపట్టి కుర్చీ కిందికి దూరింది చూశారా. సూది గుచ్చిన మనిషిని ఎవరు మర్చిపోతారు లెండి.

నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను. అక్కడ మేం ఎక్కువగా చూసినవి గేదెలు, ఆవులు, గొర్రెలు. దాణా లెక్కలన్నీ కిలోల్లో నేర్చుకున్నాం. తీరా బెజవాడలో క్లినిక్ పెట్టాక నా బల్ల మీదికి ఎక్కేవి ఏంటి? మూడు కిలోల పొమేరియన్, నాలుగు కిలోల షిట్జు, రెండు కిలోల చిహువావా. కిలోల లెక్క నేర్చుకున్నదాన్ని గ్రాముల్లోకి దిగాల్సి వచ్చింది. ఇవాళ చెప్పబోయేదంతా ఆ గ్రాముల గురించే.

నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతారు, "డాక్టరు గారూ, ఇంట్లో తిండి మంచిదా, ప్యాకెట్ మంచిదా?" అని. నేను తిరిగి ఒకటి అడుగుతాను. ఇంట్లో తిండి అంటే ఏంటండీ? కుక్క కోసమని పొయ్యి మీద విడిగా గిన్నె పెట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. ఒకటి, రెండు... నాలుగు. నలభై మంది ఉన్నాం, నాలుగు చేతులు. మిగతావాళ్లు నవ్వుతున్నారు. అంటే మనం "హోమ్ ఫుడ్" అని గొప్పగా చెప్పేది, నిజానికి మనం తినగా మిగిలింది. అది కుక్క తిండి కాదండీ, అది మన తిండి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుతున్నంతసేపు మనకు జవాబు దొరకదు.

మన తిండిలో ఏముంటుంది? తాలింపు, కారం, ఉప్పు. పైగా గుంటూరు మిర్చి పక్కనే పండుతుంటే మన కూరలు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా. కారం మూలంగా కడుపు మండుతుంది, లూజ్ మోషన్స్ అవుతాయి. అది కంటికి కనిపించే సంగతి. కనిపించనిది ఉల్లిపాయ. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాల్ని పగలగొడతాయి. ఉడికించినా అంతే, వేయించినా అంతే, పొడి చేసినా అంతే. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి తిన్నా చాలు, రక్తంలో తేడా కనిపిస్తుంది. లాబ్రడార్‌కి అది చాలా ఉల్లిపాయలు. మూడు కిలోల కుక్కకో? 45 గ్రాములు. ఒక చిన్న ఉల్లిపాయ. కోడికూర గ్రేవీలో కరిగిపోయి ఉండేది కాదూ అది?

పాయసంలో కిస్‌మిస్ కూడా అంతే. ద్రాక్ష, కిస్‌మిస్ కొన్ని కుక్కలకి కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. కాబట్టి ఒక్కటి కూడా వద్దు. చాక్లెట్ సంగతి మీకు తెలుసు, దాని మీద టైమ్ తీసుకోను.

ఇంక బిర్యానీ. సోమవారం పొద్దున నా క్లినిక్‌కి ఒకసారి రండి. వాంతులు, కడుపునొప్పి, నడుం పైకెత్తి వంగి నిలబడే కుక్కలు. "ఏం పెట్టారు?" అంటే, "ఏం లేదండీ, కొంచెం" అంటారు. ఏం లేదండీ, కొంచెం. ఆ కొంచెంలో మటన్ కొవ్వు ఉంటుంది. కొవ్వు ఎక్కువైతే క్లోమం వాస్తుంది, పాంక్రియాటైటిస్ అంటాం, చిన్న జాతుల్లో ఇది మామూలే. ఉడికిన ఎముక వేశారంటే అది సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఆదివారం మనకు పండగ, సోమవారం దానికి సెలైన్.

ఇక్కడ పెద్దవాళ్లు ఎవరో ఒకరు లేచి ఒక మాట అంటారు. ఏంటి బాబాయ్ గారూ, మీరు అనబోతున్నది అదేనా? "మా ఊళ్లో మా తాత కుక్క గంజి తాగి, అన్నం మెతుకులు తిని పదిహేనేళ్లు బతికింది" అని. నిజమే. నేను కాదనను. కానీ ఆ కుక్క గంజి ఒక్కటే తాగిందా? పొలంలో ఎలకల్ని పట్టింది. ఎముకలతో సహా తింది. చెరువు గట్టున చేప తల ఏరుకుంది. గొడ్డు ఈనితే మాయ లాక్కెళ్లింది. దాని తిండిలో సగం మీ తాతగారు పెట్టింది కాదు, అది సంపాదించుకున్నది. మన నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో పొమేరియన్ ఏం సంపాదించుకుంటుంది చెప్పండి? సోఫా కింద బొద్దింక. మనం గిన్నెలో వేసిందే దానికి దిక్కు. గిన్నెలో లేనిది దానికి ఇంకెక్కడా దొరకదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో సంగతి. రెండున్నర నెలల కుక్కపిల్ల, లూజ్ మోషన్స్‌తో వచ్చింది. మందు రాసి, "ఉడికించిన చికెన్, మెత్తగా అన్నం పెట్టండి, ఉప్పు కారం వద్దు" అన్నాను. మూడు రోజులు అని నా మనసులో ఉంది. చీటీ మీద రాయలేదు. వాళ్లు ఎంత మంచివాళ్లంటే, నేను చెప్పింది తూచా తప్పకుండా పాటించారు. రోజూ చికెన్ బ్రెస్ట్ తెచ్చి, ఎముక లేకుండా, చర్మం లేకుండా, ప్రేమగా ఉడికించి పెట్టారు. మూడు నెలలు. మూడు నెలల తర్వాత ఎత్తుకుని తీసుకొచ్చారు. నడవడం లేదు. ముందు కాళ్లు విల్లులా వంగాయి. వీపు మీద చెయ్యేస్తే అరుస్తోంది.

ఎక్స్‌రే తీశాం. మామూలుగా ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, గీత గీసినట్టు ఉంటుంది. దీనికి ఎముకేదో, చుట్టూ కండేదో పోల్చుకోవాల్సి వచ్చింది. అంత పల్చబడింది. తొడ ఎముకలో ఒకచోట సన్నగా విరిగి కూడా ఉంది.

ఎందుకలా అయింది? చికెన్‌లో ఫాస్ఫరస్ ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. ఒక పాలు కాల్షియం ఉంటే పది, పదిహేను పాళ్లు ఫాస్ఫరస్. అన్నంలోనూ కాల్షియం లేదు. ఎదిగే కుక్కకు కాల్షియం ఎప్పుడూ ఫాస్ఫరస్ కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె ఆడదు, కండరాలు పనిచేయవు. అందుకని ఒంట్లోని హార్మోను ఎముకల్లోంచి కాల్షియం తోడి రక్తంలో పోస్తుంది. ఎముకలు ఖాళీ అవుతాయి. రక్త పరీక్ష చేయిస్తే కాల్షియం నార్మల్ అని వస్తుంది చూడండి, అదీ మోసం.

ఆ పిల్ల బతికింది. సమతుల్యమైన తిండికి మార్చి, కదలకుండా చిన్న బోనులో ఉంచి, నెలల తరబడి చూసుకున్నారు. కాళ్లు పూర్తిగా తిన్నగా రాలేదు. అప్పటినుంచి నేను చీటీ మీద "మూడు రోజులు మాత్రమే" అని రాసి, కింద రెండు గీతలు గీస్తాను.

వాళ్లు బద్ధకస్తులా? కాదు. పిసినారులా? కాదు. ఈ హాల్లో ఎవరికన్నా ఎక్కువ కష్టపడ్డారు. కష్టపడి వండినంత మాత్రాన సరిపోదని నాకు ఆ కేసు నేర్పింది. 2013లో అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌వాళ్లు ఒక పని చేశారు. పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో ఉన్న 200 ఇంటి వంటకాలు తీసుకుని, కుక్కకు కావలసినవన్నీ ఉన్నాయా లేదా అని లెక్క కట్టారు. 95 శాతం వంటకాల్లో కనీసం ఒక పోషకమైనా తక్కువ పడింది. చాలావాటిలో ఒకటి కాదు, అనేకం. వాటిలో వెటర్నరీ డాక్టర్లు రాసినవీ ఉన్నాయి, అది కూడా చెప్పాలి కదా, మా పరువు పోయినా సరే.

మరి ప్యాకెట్టే పెట్టేస్తే గొడవ వదిలిపోతుందిగా అంటారా? ఆగండి. ఇదిగో, ఇక్కడ వంటింటి కాటా ఒకటి తెచ్చాను. డ్రై ఫుడ్ డబ్బా కూడా ఉంది. ఏ కంపెనీదైనా మనం "పెడిగ్రీ" అనే అంటాం అనుకోండి. స్టీలు కాఫీ గ్లాసు ఉంది. మూడు కిలోల పొమేరియన్ ఉన్నవాళ్లు ఎవరు? మీరా ఆంటీ? ఒకసారి ఇలా రండి. మీరు పొద్దునా సాయంత్రం కలిపి రోజుకు ఎంత పోస్తారో, ఇంట్లో పోసినట్టే ఈ గ్లాసుతో పోయండి. నన్ను చూసి తగ్గించకండి. అదీ. ఇంకొంచెం? సరే. చూడండి అందరూ, 84 గ్రాములు.

ఇప్పుడు లెక్క చేద్దాం. ఇంట్లోనే తిరుగుతూ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మూడు కిలోల కుక్కకు రోజుకు దాదాపు 200 నుంచి 250 కాలరీలు చాలు. డ్రై ఫుడ్‌లో 100 గ్రాములకు 350 నుంచి 400 కాలరీలు ఉంటాయి. అంటే 60 గ్రాముల దగ్గర ఆగాలి. ఆంటీ 84 పోశారు. దీని మీద బిస్కెట్లు వేస్తారా అమ్మా? ఎన్ని? "ఎవరికి వాళ్లు ఒకటి"? ఇంట్లో ఎంతమంది? నలుగురు. ఒక గ్లూకోజ్ బిస్కెట్ 25 కాలరీలు. నాలుగు వేస్తే 100. రోజుకు 200 కాలరీలు చాలిన ప్రాణికి 100 కాలరీలు బిస్కెట్లలోనే వెళ్లిపోయాయి. మనకైతే అది భోజనం కాకుండా పదిహేను పైచిలుకు ఇడ్లీలు తిన్నట్టు. ఆంటీ, మీ మీద కోపం కాదు, కూర్చోండి. మా ఇంట్లో మా మామగారు కూడా ఇదే పని చేసేవారు, నేను డాక్టర్నని కూడా చూడకుండా.

చిన్న కుక్కల్లో తిరకాసు ఇక్కడే ఉంది. కిలో బరువుకు లెక్కేస్తే లాబ్రడార్ కన్నా వీటికి దాదాపు రెట్టింపు శక్తి కావాలి. కానీ మొత్తం తిండి గుప్పెడు. ఆ గుప్పెడులోనే ప్రోటీను, కాల్షియం, జింకు, అయోడిను, విటమిన్లు అన్నీ సర్దాలి. పెద్ద గిన్నెలో చెంచాడు తేడా వస్తే ఎవరికీ తెలియదు. గుప్పెడులో చెంచాడు అంటే? బుల్లి పిల్లలకైతే ఇంకో టెన్షన్. రెండు మూడు నెలల పొమేరియన్ పిల్ల ఒక పూట తినకపోతే రక్తంలో షుగర్ పడిపోయి వణుకుతుంది, ఫిట్స్ కూడా వస్తాయి. వాటికి రోజుకు నాలుగుసార్లు పెట్టాలి. అలిగి తినట్లేదు లే అని వదిలేయకండి.

ప్యాకెట్ కొనేటప్పుడు ముందు వైపు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పండి. "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అని ఉందా? ఏ వయసు కుక్కకో రాశారా? ఉంటే అదొక్కటే పెట్టినా సరిపోయేలా చేశామని కంపెనీ చెబుతున్నట్టు. "కాంప్లిమెంటరీ" అని ఉంటే అది పక్కన వేసుకునే ఊరగాయ లాంటిది, అన్నం కాదు. గ్రేవీ ప్యాకెట్లలో చాలా వాటి మీద ఇదే ఉంటుంది. "ప్రీమియం" అన్న మాట ఉందనుకోండి, దానికి అర్థం రేటు ఎక్కువ అని, అంతే.

ఒకాయన క్లినిక్‌లో నాతో గట్టిగా వాదించారు. "గ్రేవీలో ప్రోటీన్ 8 శాతమే, డ్రైలో 24, మోసం కదా" అని. గ్రేవీలో 80 శాతం నీళ్లు సార్. నీళ్లు తీసేసి చూడండి. మిగిలిన 20లో 8 అంటే 40 శాతం. డ్రైలో నీళ్లు 10 శాతం, మిగిలిన 90లో 24 అంటే 27 లోపే. ఏది ఎక్కువ? షిట్జులు, లాసా ఆప్సో జాతి కుక్కలు ఉన్నవాళ్లకు ఆ నీళ్లే మేలు కూడా చేస్తాయి. వీటికి మూత్రాశయంలో రాళ్లు ఎక్కువ. డ్రై పెట్టినా కాసిని నీళ్లు పోసి నానబెట్టి పెట్టండి. ఇలాంటి కుక్కకు ఇంట్లో వండేవాళ్లు పాలకూర జోలికి పోవద్దు. గోంగూర ఎవరూ పెట్టరులెండి, మనకే చాలదు.

ప్యాకెట్‌ని గుడ్డిగా నమ్మమని కూడా నేను చెప్పను. 2007లో అమెరికా, కెనడాల్లో ఏం జరిగింది? చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపారు, ప్రోటీన్ ఎక్కువున్నట్టు చూపించడానికి. కుక్కలు, పిల్లులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. ఎన్నో బ్రాండ్లు వెనక్కి తీసుకున్నారు. 2018లో అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఇంకో సంగతి బయటపెట్టింది. ధాన్యం లేని "గ్రెయిన్ ఫ్రీ" తిండి తినే కుక్కల్లో గుండె జబ్బు కేసులు వస్తున్నాయి, పరిశీలిస్తున్నాం అని. అదే కారణమని గట్టిగా తేలలేదు. కానీ మన షాపుల్లో ఆ ప్యాకెట్లు ఎక్కువ రేటుకు అమ్ముతున్నారు. ఎందుకు కొంటున్నాం? కుక్కకు అన్నం అరగదని ఎవరో చెప్పారని. 2013లోనే స్వీడన్ పరిశోధకులు చూపించారు, పిండిపదార్థం అరిగించుకునే జన్యువు కాపీలు తోడేలుకన్నా కుక్కకు ఎక్కువ ఉన్నాయని. మనతో వేల ఏళ్లు ఉండి మన తిండికి అలవాటుపడింది. కృష్ణా డెల్టాలో పెరిగే కుక్కకు బియ్యం పడదంటే నవ్వరూ?

కంపెనీలవాళ్లు నాకు క్యాలెండర్లు, పెన్నులు ఇస్తారు, ఆ మాట దాచను. ఆ పెన్నుతోనే మీకు చీటీ రాస్తాను. అందుకని నేను చెప్పేది కూడా వెనక్కి తిప్పి చూసుకోండి.

ఇంకొకటి, ఇది మన ఊరి సమస్య. పది కిలోల బస్తా చవగ్గా వస్తుందని కొంటారు. రోజుకు 60 గ్రాములు తినే కుక్కకు నెలకు 1.8 కిలోలు. పది కిలోలు అయిదు నెలలు దాటి వస్తాయి. మార్చిలో విప్పితే ఆగస్టు దాకా. మధ్యలో మన మే నెల ఎండలు, ఆ తర్వాత వానలు, ఉక్క. గుళికల మీద పూసిన కొవ్వు మక్కుతుంది, విటమిన్లు పోతాయి, తేమ తగిలితే బూజు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి, పాత వేరుశనగ నూనె వాసన వచ్చిందా, పారేయండి. ఒకటి, రెండు కిలోల ప్యాకెట్టే కొనుక్కోండి, నెలా నెలన్నరలో అయిపోవాలి. ఆ ప్యాకెట్‌తో సహా డబ్బాలో పెట్టి మూత వేయండి. షాపులో బస్తా విప్పి కవర్లలో తూచి ఇచ్చేది మాత్రం వద్దు. ఎప్పుడు విప్పారో తెలియదు, ఏం కలిపారో తెలియదు.

చీటీ పంపారు ఎవరో. "మాది సత్యనారాయణపురం, ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు, ఏం చేయాలి?" మంచి ప్రశ్న. పెరుగు, పనీరు, సోయా మీల్‌మేకర్‌తో కుక్కను పెంచవచ్చు, పిల్లికైతే కుదరదు కానీ కుక్కకు కుదురుతుంది. అయితే లెక్క ఇంకా కష్టం. మీలాంటివాళ్లకు నేను ప్యాకెట్టే చెబుతాను. శాకాహారమని రాసి ఉన్నవీ దొరుకుతాయి. ఉత్త పెరుగన్నం మీద మాత్రం పెంచకండి. పెరుగన్నంలో తప్పేం లేదు, పాలకన్నా బాగా అరుగుతుంది కూడా, కానీ అందులో ఉన్నదానికన్నా లేనిది ఎక్కువ.

ఇందాక చెయ్యెత్తిన నలుగురికి. మూడు కిలోల పెద్ద కుక్కకు, పిల్లకు కాదు, ఒక రోజుకు ఇలా రాసుకోండి. ఎముక తీసి ఉడికించిన చికెన్ 75 గ్రాములు. ఉడికిన అన్నం 60 గ్రాములు. గుమ్మడికాయో బీన్సో 20 గ్రాములు. అర చెంచా నూనె. ఇదంతా 220 కాలరీల దాకా వస్తుంది. ఉడికాక తూచాలి, ముందు కాదు. అసలు సంగతి ఇప్పుడు. గుడ్డు పెంకులు కడిగి, ఆరబెట్టి, వేయించి, మిక్సీలో మెత్తటి పొడి చేసి, ముప్పావు గ్రాము కలపండి. గ్రాము పెంకులో 380 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ఈ గిన్నెకు అంత చాలు. ముప్పావు గ్రాము ఈ వంటింటి కాటా మీద తూగదు. బంగారం కొట్టువాళ్ల బుల్లి కాటా లాంటిది కావాలి.

అయిపోయిందా? కాలేదు. జింకు, రాగి, అయోడిను, విటమిన్ డి, విటమిన్ ఇ ఇంకా తక్కువే. ఇంటి వంటకు కలిపే పొడి మీ డాక్టర్‌తో రాయించుకోవాలి. మనుషుల మల్టీవిటమిన్ బిళ్ల విరిచి వేయకండి, దాంట్లో డి ఎక్కువైతే అదో విషం. ఇంత చేయగలరా? చేయండి, నాకు సంతోషం. కిడ్నీ జబ్బున్న కుక్కకో, ఏ ప్యాకెట్టూ పడని కుక్కకో ఇలా వండించాల్సిన అవసరం కూడా వస్తుంది. చేయలేరా? సిగ్గుపడాల్సింది ఏం లేదు. ఉద్యోగాలు, పిల్లల చదువులు ఉన్నాయి. ప్యాకెట్ తూచి పెట్టండి. పైన ఏం వేయాలనుకున్నా, ఉడికిన గుడ్డు ముక్క, చెంచాడు పెరుగన్నం, క్యారెట్, ఏదైనా సరే, రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదు. మూడు కిలోలదానికి అది 20 కాలరీలు. బిస్కెట్ ఒకటి కూడా పట్టదు.

గట్టి గుళికలు కొరికితే పళ్లు శుభ్రమవుతాయని నమ్మకం ఒకటుంది. అవ్వవు. చెగోడీలు తింటే మన పళ్లు తెల్లబడతాయా? బ్రష్ చేయాల్సిందే, కుక్కల పేస్టుతో.

మా క్లినిక్‌కి ఒక మామ్మగారు వస్తారు. పదమూడేళ్ల పొమేరియన్. పుట్టినప్పటినుంచి పెరుగన్నమే. పళ్లు నాలుగు మిగిలాయి, కండ కరిగింది. కోడలు ప్యాకెట్ పెట్టమని గొడవ, మామ్మగారు వినరు. కోడలు నా వైపు చూసింది, మామ్మగారూ నా వైపే చూశారు. ఏం చెప్పాలి? పెరుగన్నం మాన్పించలేదు. మెత్తగా నానబెట్టిన గుళికలు ముప్పావు గిన్నె, దాని మీద మామ్మగారి చేత్తో కలిపిన పెరుగన్నం ఒక ముద్ద. లెక్క ప్రకారం ఆ ముద్ద కొంచెం ఎక్కువే. పదమూడేళ్ల కుక్కతో నేను బేరమాడలేదు. మొదటి రెండు రోజులు అది ముద్ద తిని గుళికలు వదిలేసిందట. మూడో రోజు మామ్మగారు రెండూ కలిపి పిసికి ముద్దలు చేసి నోట్లో పెట్టారట. ఇప్పుడు తింటోంది.

తిండి మార్చాలనుకునేవాళ్లు ఒక్కసారిగా మార్చకండి, వారం పట్టనివ్వండి. మొదట పావు కొత్తది, ముప్పావు పాతది, అలా పెంచుకుంటూ వెళ్లండి. బరువు సంగతి ఎలా తెలుస్తుందంటారా? పక్కటెముకల మీద చెయ్యి పెట్టండి. పొమేరియన్ బొచ్చు కంటిని మోసం చేస్తుంది, చేతిని చెయ్యదు. మీ అరచెయ్యి బోర్లా పెట్టి వేళ్ల వెనక ఎముకలు తడిమి చూసుకోండి, పక్కటెముకలు అలా తగలాలి. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొస్తే సన్నబడింది. చేతిని తిప్పి అరచేతి మెత్తదనంలా ఉంటే, ఆంటీ, మళ్లీ మీ వైపే చూస్తున్నాను, క్షమించాలి.

టీ వచ్చినట్టుంది. కాటా ఈ బల్ల మీదే ఉంటుంది. పై అంతస్తులవాళ్లు వెళ్లి ఎవరి గ్లాసు, ఎవరి చెంచా వాళ్లు తెచ్చుకుని, ఒకసారి నింపి తూచి, గ్లాసు మీద మార్కర్‌తో గీత పెట్టుకుని వెళ్లండి. ఎవరో ఆ షిట్జుకి టీ బిస్కెట్ వేస్తున్నారు, నేను చూస్తున్నాను.